కాగితమంత సందు

మాల్యాద్రి సారు కావలి నుంచి వచ్చేటప్పటికి
నేను గరిటె తొడిమ నున్నగా గీస్తా ఉండా.
గోనెపట్టలో చుట్టిన తుపాకి, ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు.
చెక్‌పోస్టు కాడ అరగంట నిలబెట్టారంట,
మొహం మీద ఇంకా ఉంది ఆ అరగంట.

"కొత్త గొట్టం వేయించాలమ్మా, జర్మనీది.
స్కోపు కూడా మార్చాలి. చెక్క మాత్రం నువ్వు చెయ్యి."
ఆయన లెక్క విన్నా.
రెండు బర్రెలు, పైన ఒక దూడ.

నాకు తుపాకి తెలవదు సారూ,
కాల్చిన కాగితాలుంటే చూపించు.

పొద్దున ఎనిమిదికి కాల్చినవి
ఐదు బొక్కలూ ఒక్క ఈత పిల్లల్లా ఒదిగి ఉండాయి.
మధ్యాహ్నానివి పైకి, ఎడమకు జరిగినాయి.
వాన మరుసటి రోజువి ఇంకో దారి పట్టినాయి.
చెయ్యి వణికితే నాలుగు దిక్కులా పోవాల గదా.
ఇవన్నీ కలిసే నడిచినాయి, మంద మాదిరి.
మందను తోలేవాడు ఎవడో ఉండాడు.

గొట్టంలోకి టార్చి వేసి చూపించాడు.
మెలికలు తిరిగిన గాడి, తుప్పు చుక్క లేదు.
డెబ్భై ఏళ్ళ ఇనుము, ఇప్పుడే తోమిన చెంబు లాగుంది.

పది రూపాయల నోటు తీసుకొని
గొట్టానికీ చెక్కకీ నడుమ దూర్చా.
జానెడు పోయి ఆగింది.

"ఈడ పట్టుకోనుంది సారూ.
ఎండకు ఒక తీరుగా, తేమకు ఒక తీరుగా నొక్కతా ఉంది.
నువ్వు జర్మనీది తెచ్చినా
దీని నొక్కుడు దీనిదే."

మడమ మీది ఇనపబిళ్ళ మరలు ఊడదీశా.
లోపల పెన్సిలు గీతలు.
మూడు అడ్డం, ఒకటి ఏటవాలు.

మా నాయన గీత.

ఈ సారు తాత అప్పట్లో
దుర్గం కొండకు వేటకు పోవాలని,
పున్నమి దాటకూడదని తొందరపెట్టినాడంట.
నాయన దుంగ ఆరకముందే ఉలి పెట్టినాడు.
ఏ తుపాకో చెప్పేవాడు కాదు, ఎవరికో చెప్పేవాడు కాదు,
అన్నంలో చెయ్యి పెట్టి ఉన్నట్టుండి అనేవాడు:
"ఒక్క పని మాత్రం పచ్చిగా ఇచ్చేశా."
కూలీ బదులు తట్టెడు కణితి మాంసం పంపారు.
మా అమ్మ మూడు రోజులు మిద్దె మీద ఆరబెట్టింది.
మాంసం ఎండింది.
చెక్క ఎండలా.

సారుకి చెప్పలేదు నేను.

అటక మీద నర్ది దుంగ ఒకటి,
పదకొండేళ్ళుగా ఏ గరిటెకూ ఇయ్యకుండా దాచింది, దించా.
గోటితో కొడితే కంచు మాదిరి పలికింది.

చెంప ఆనేచోటు కొలత కావాల.
పరాయి మగాడి చెంప నేనెట్లా తడిమేది?
జొన్నపిండి మెత్తగా పిసికి కొయ్య మీద పరిచా.
"కళ్ళు మూసుకొని ఆనించు సారూ.
తెరిస్తే అద్దం నీ కంటికి ఎదురుగా ఉండాల,
నువ్వు దాన్ని ఎతుక్కోకూడదు."
రెండు రోజుల గడ్డం పిండిలో అచ్చు పడింది.

"ఇంతకీ ఇప్పుడు దీంతో ఏం కొడతావు?"
"కాగితాలేనమ్మా. వేట ఎప్పుడో పోయింది,
చట్టమూ ఒప్పుకోదు, నాకూ మనసు రాదు."
పిండి తుడుచుకుంటా అన్నాడు:
"తాత తెచ్చిన కొమ్ములుండాయి ఇంట్లో.
తువ్వాళ్ళు తగిలిస్తాం."

ఇరవై నాలుగు రోజులు పట్టింది.
రాలిన పొట్టుతోనే టీ కాచుకున్నాం.
ఆఖరి రోజు నోటు దూర్చితే
ఈ కొస నుంచి ఆ కొసకి
గోడ మీద పిల్లి పోయినట్టు పోయింది.

బిళ్ళ బిగించే ముందు లోపల గీశా,
మూడు అడ్డం, ఒకటి ఏటవాలు,
కింద చిన్నగా: ఆరింది.

నెల తిరిగినాక కావలి బస్సు కండక్టరు
ఒక కవరు ఇచ్చిపోయినాడు.
కాగితం వెనక రాసుంది, మధ్యాహ్నం రెండు, వాన వెలిసినాక.
తిప్పి చూశా.
నాలుగు బొక్కలు ఒక్క రేగ్గింజ కింద దాగుతాయి.
ఐదోది వేలెడు పక్కన.
నా గుండె ఒక్క చణం జారింది.

దాని పక్కనే పెన్సిలుతో,
బడిపిల్లల రాతలా గుండ్రంగా:
ఇది నాది.